డెస్క్‌టాప్ లినక్స్‌కి డబ్బు ఎవరు కడతారు?

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరంగానీ ఆ తర్వాతిదిగానీ కావాలి. అంతకుముందు తరాల పీసీలు ఎంత బాగా నడుస్తున్నా ఆ లెక్కలోకి రావు. విండోస్ బదులు ఎక్కించుకోగల, కోడ్ అందరికీ తెరిచి ఉన్న ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టం) లినక్స్. దాని రకాల్లో ఒకటైన, ఐర్లండ్‌కు చెందిన జోరిన్ ఓఎస్ సరిగ్గా అదే రోజు తన 18వ వెర్షన్ విడుదల చేసింది. నెల దాటిన కొద్ది రోజులకే పది లక్షల డౌన్‌లోడ్లు అయ్యాయనీ, వాటిలో ముప్పాతిక వంతుకు పైగా విండోస్ మెషీన్ల నుంచే వచ్చాయనీ ప్రకటించింది.

ఇలాంటి అంకె బయటికొచ్చిన ప్రతిసారీ ‘ఈ ఏడాది లినక్స్‌దే’ అన్న మాట వినబడుతుంది. ఇరవై ఏళ్లుగా వింటున్నదే. వాడకం పెరుగుతున్న మాట నిజం. స్టాట్‌కౌంటర్ లెక్కలో డెస్క్‌టాప్ లినక్స్ వాటా ప్రపంచం మొత్తమ్మీద 2024 ఫిబ్రవరిలో 4 శాతం దాటింది, అమెరికాలో 2025 జూన్‌లో 5 శాతం దాటింది. (ఇవి వెబ్ పేజీలు ఎన్నిసార్లు తెరిచారన్న లెక్కలు. మెషీన్ల లెక్కగా చదివితే తప్పు.) అయితే వాడేవాళ్లు పెరిగినంత మాత్రాన వ్యాపారం పెరగదు. ‘ఇష్టమొచ్చినంత ఇవ్వండి, సున్నా అయినా సరే’ అంటూ తమ లినక్స్ ఓఎస్‌ని డౌన్‌లోడ్‌కు పెట్టిన ఎలిమెంటరీ బృందం 2015లో ఒక లెక్క బయటపెట్టింది: 99.875 శాతం మంది పైసా ఇవ్వకుండానే దించుకున్నారు. అంటే ఎనిమిది వందల మందిలో ఒక్కరు డబ్బు ఇచ్చారు.

అందుకే ‘లినక్స్ గెలుస్తుందా’ అని అడిగితే ఎటూ తేలదు. ఎవరు డబ్బు కడుతున్నారు, దేనికి కడుతున్నారు అని అడిగితే లెక్క కొంచెం స్పష్టంగా కనబడుతుంది. డెస్క్‌టాప్ ఓఎస్‌నే సరుకుగా పెట్టి అమ్మిన కంపెనీలు వరసగా పోయాయి. ఇంకేదో అమ్ముకోవడానికి ఆ ఓఎస్‌ని వాడుకున్నవి నిలబడ్డాయి, కొన్ని బాగా సంపాదించాయి కూడా.

పెట్టెల్లో పెట్టి అమ్మిన కాలం

1990ల చివర్లో లినక్స్ అట్టపెట్టెలో వచ్చేది. సీడీలు, లావుపాటి మాన్యువల్, కొన్నాళ్ల ఇన్‌స్టలేషన్ సపోర్టు, అన్నీ కలిపి ఒక ధర. రెడ్ హ్యాట్, సూసే, ఫ్రాన్స్‌లోని మాండ్రేక్, అందరిదీ అదే దారి. డయలప్ కనెక్షన్‌లో 600 ఎంబీల సీడీ దించుకోవడం గగనం కాబట్టి జనం కొన్నారు. నిజానికి వాళ్లు కొన్నది సీడీని, అచ్చేసిన పుస్తకాన్ని. బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక ఆ రెండింటితో పనిలేకుండా పోయింది. లోపలున్న కోడ్‌లో చాలాభాగం జీపీఎల్ లైసెన్సు కింద ఉన్నదే. ఒకరు కొని వందమందికి పంచినా చట్టం అడ్డుకోదు.

కెనడా కంపెనీ కోరెల్ 1999లో సొంత లినక్స్ తెచ్చి, 2001లో దాన్ని జాండ్రోస్ అనే ఇంకో లినక్స్ కంపెనీకి అమ్మేసి చేతులు దులుపుకుంది. మాండ్రేక్‌సాఫ్ట్ 2003 జనవరిలో దివాలా రక్షణ కోరింది. తర్వాత మాండ్రివాగా పేరు మార్చుకుని లాక్కొచ్చినా 2015లో మూతపడింది. తొలి మెకింటాష్ బృందంలోని ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ పనిచేసిన ఈజెల్ కంపెనీ 2001 మేలో ఆగిపోయింది. అది రాసిన నాటిలస్ ఫైల్ మేనేజర్ మాత్రం నోమ్ అనే లినక్స్ డెస్క్‌టాప్‌లో ఇప్పటికీ ఉంది. కంపెనీ పోయినా కోడ్ బతికి ఉండటం వాడేవాళ్లకు మేలు. ఆ కంపెనీలో పెట్టుబడి పెట్టినవాళ్లు మాత్రం అలా అనుకోరు.

వీటన్నిటిలో వింతైనది లిండోస్ కథ. మైకేల్ రాబర్ట్‌సన్ 2001లో పెట్టిన ఈ కంపెనీ ఓఎస్‌తో 2002లో వాల్‌మార్ట్ 199 డాలర్ల పీసీలు అమ్మింది. పేరు విండోస్‌ని పోలి ఉందని మైక్రోసాఫ్ట్ కోర్టుకెక్కింది. 2004లో రాజీ కుదిరి, పేరు వదులుకున్నందుకు మైక్రోసాఫ్టే ఎదురు 2 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఓఎస్ అమ్మి ఆ కంపెనీ అంత మొత్తం ఎన్నడూ కళ్లజూసి ఉండదు. లిన్‌స్పైర్ అని పేరు మార్చుకున్నాక 2008లో అదీ జాండ్రోస్ చేతికే పోయింది.

సపోర్టు లెక్క ఎందుకు తిరగబడుతుంది

లైసెన్సు ఒక కారణం మాత్రమే. అంతకంటే పెద్ద దెబ్బ సపోర్టు ఖర్చు నుంచి పడుతుంది. ఊహాలెక్క ఒకటి వేసి చూద్దాం. పన్నుతో కలిపి ఒక కాపీ ధర 2,000 రూపాయలు అనుకోండి. 18 శాతం జీఎస్టీ, పేమెంట్ గేట్‌వే కమిషన్ పోతే చేతికి వచ్చేది 1,650 చిల్లర. టెక్నీషియన్ జీతం, ఆఫీసు అద్దె, ఫోన్ అన్నీ కలిపి కంపెనీకి గంటకు 400 పడుతుందనుకుందాం. కొనుక్కున్నాయన వైఫై రావడం లేదని ఫోన్ చేశాడు. ల్యాప్‌టాప్‌లో ఏ చిప్ ఉందో కనుక్కుని డ్రైవర్ వెతికి ఎక్కించేసరికి రెండు గంటలు. వారం తర్వాత ప్రింటర్, గంటన్నర. నెల తర్వాత మూత వేసి తెరిస్తే తెర నల్లగా ఉండిపోతోందని ఫిర్యాదు, ఇంకో రెండు గంటలు. మొత్తం ఐదున్నర గంటలు, 2,200 రూపాయలు. మూడు ఫోన్లతో అమ్మకం కాస్తా నష్టమైంది.

అదే సర్వర్ వైపు చూడండి. ఒక బ్యాంకులో ఒకే మోడల్ సర్వర్లు 500 ఉంటాయి. వాటికి ప్రింటర్ ఉండదు, వెబ్‌క్యామ్ ఉండదు, మూత ఉండదు. ఫోన్ చేసే వ్యక్తి ముందే లాగ్‌లు చదివి, సమస్య ఎక్కడుందో సగం కనిపెట్టి చేస్తాడు. ఏటా చందా కడతాడు. ఒక గంట మెషీన్ ఆగితే జరిగే నష్టం ముందు ఆ చందా ఏపాటిది!

రెడ్ హ్యాట్ ఈ తేడాను తొందరగా పట్టుకుంది. 2003లోనే తన మామూలు రెడ్ హ్యాట్ లినక్స్‌కి స్వస్తి చెప్పి, కమ్యూనిటీకి ఫెడోరా, డబ్బిచ్చే కంపెనీలకు ఎంటర్‌ప్రైజ్ లినక్స్ అని రెండుగా చీల్చింది. సాధారణ వినియోగదారుల కోసం డెస్క్‌టాప్ సరుకు తెచ్చే ఆలోచన లేదని 2008లో బహిరంగంగానే చెప్పింది. 2019లో ఐబీఎం ఆ కంపెనీని 3,400 కోట్ల డాలర్లకు కొన్నది సర్వర్ల కోసం, క్లౌడ్ కోసం.

ఉబుంటు లినక్స్ తెచ్చిన కానానికల్ కంపెనీది ఎదురుదారి. సొంత కంపెనీ థాట్‌ను 1999లో వెరిసైన్‌కు అమ్మిన డబ్బుతో మార్క్ షటిల్‌వర్త్ 2004లో ఉబుంటు మొదలుపెట్టాడు. అడిగినవాళ్లకల్లా ప్రపంచంలో ఏ మూలకైనా ఉబుంటు సీడీలు ఉచితంగా పోస్టులో పంపారు. 2011 దాకా అలా సాగింది. ఆ తర్వాత డెస్క్‌టాప్ మీద డబ్బు చేసుకోవడానికి కానానికల్ పడని పాట్లు లేవు. ఉబుంటు వన్ అని ఫైళ్లు దాచుకునే సేవ పెట్టి 2014లో మూసేసింది. 2012లో డెస్క్‌టాప్ సెర్చ్‌లో అమెజాన్ సరుకులు చూపించింది. మన కంప్యూటర్‌లో ఫైలు కోసం వెతికితే ఆ మాట బయటి సర్వర్‌కు ఎందుకు పోవాలని వాడేవాళ్లు తిరగబడ్డారు, 2016లో వచ్చిన 16.04 వెర్షన్ నాటికి దాన్ని ఆపేసి ఇవ్వాల్సి వచ్చింది. 2013లో ఉబుంటు ఎడ్జ్ ఫోన్ కోసం 3.2 కోట్ల డాలర్లు అడిగితే వచ్చిన హామీలు 1.28 కోట్ల దగ్గర ఆగాయి. 2017 ఏప్రిల్‌లో తన సొంత యూనిటీ డెస్క్‌టాప్‌నీ ఫోన్‌నీ వదిలేసింది.

ఇప్పుడు కానానికల్ అమ్ముతున్నది ఉబుంటు ప్రో చందా. సొంతానికి వాడుకునేవాళ్లకు ఐదు మెషీన్ల దాకా ఉచితం. కంపెనీలకైతే డెస్క్‌టాప్‌కి ఏడాదికి 25 డాలర్లు, సర్వర్‌కి 500 డాలర్లు. అదే ఓఎస్, అదే భద్రతా బృందం, ధరలో ఇరవై రెట్ల తేడా. డెస్క్‌టాప్ ఎంత పలుకుతుందో చెప్పడానికి ఈ ఒక్క ధరల పట్టిక చాలు. ఆ 25 డాలర్లకు వచ్చేది పదేళ్ల భద్రతా ప్యాచ్‌లు, వందల మెషీన్లను ఒకచోటి నుంచి నడిపే పనిముట్లు, ఆడిటర్ అడిగితే చూపించడానికి కాగితాలు. ఇవేవీ ఇంట్లో వాడుకునేవాళ్లకు అక్కర్లేదు. అందుకే వాళ్లను అడగడం కూడా మానేశారు.

నెట్‌బుక్ చెప్పిన పాఠం

షాపులో కొన్నప్పుడే లినక్స్ ఉండి ఉంటే జనం వాడేవారు కదా అనేది తరచూ వినబడే వాదన. ఆ ప్రయోగం ఒకసారి పెద్ద ఎత్తునే జరిగింది. 2007 చివర్లో ఆసుస్ ‘ఈ పీసీ 701’ (Eee PC) అనే ఏడంగుళాల చిన్న ల్యాప్‌టాప్ తెచ్చింది. దాంట్లో నిల్వ 4 జీబీ ఫ్లాష్ మాత్రమే. అప్పటి కొత్త విండోస్ అయిన విస్టా పట్టదు కాబట్టి జాండ్రోస్ లినక్స్ పెట్టారు. బాగా అమ్ముడైంది. 2008 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ మేల్కొని, షాపుల నుంచి తీసేయబోతున్న పాత విండోస్ ఎక్స్‌పీ హోమ్‌ని ఇలాంటి చిన్న మెషీన్లకు (నెట్‌బుక్‌లకు) మాత్రం కొనసాగిస్తామంది. కొద్ది కాలంలోనే నెట్‌బుక్‌లలో లినక్స్ మైనారిటీ అయిపోయింది.

మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీని కొనసాగించడం సగం కారణమే. తమ లినక్స్ నెట్‌బుక్‌లు ఎక్స్‌పీ వాటికంటే నాలుగు రెట్లు ఎక్కువగా వెనక్కి వస్తున్నాయని ఎంఎస్ఐ అధికారి ఒకరు అదే ఏడాది చెప్పారు. అలా ఎందుకయ్యిందో చూస్తే తప్పెక్కడుందో తెలుస్తుంది. ఆసుస్‌లో జాండ్రోస్, ఏసర్‌లో లిన్‌పస్, ఎంఎస్ఐలో సూసే, డెల్‌లో ఉబుంటు. నాలుగు కంపెనీలు నాలుగు రకాలు పెట్టాయి. ఒకదాని గురించి పక్కింటి కుర్రాడు నేర్చుకున్నది ఇంకోదానికి పనికిరాదు. మెషీన్ కొనుక్కున్నాక ఇంట్లో ఉన్న ప్రింటరో డేటా డాంగిలో తగిలిస్తే పనిచేయలేదు. పెట్టె మీద విండోస్ లేదన్న సంగతి చాలామంది కొనేటప్పుడు గమనించనే లేదు.

తయారీదారుకు ఇంకో లెక్క కూడా ఉంటుంది. విండోస్ లైసెన్సుకు కట్టే డబ్బులో కొంత, ట్రయల్ యాంటీవైరస్‌లాంటివి ముందే పెట్టినందుకు ఆ కంపెనీలు ఇచ్చే కమిషన్‌తో వెనక్కి వస్తుంది. లినక్స్ మోడల్‌కి ఆ రాబడి లేదు. పైగా అదే ల్యాప్‌టాప్‌ని ఇంకోసారి పరీక్షించాలి, స్టాకు విడిగా పెట్టాలి, కాల్‌సెంటర్ వాళ్లకు విడిగా నేర్పాలి. తక్కువ సంఖ్యలో అమ్మితే ఈ ఖర్చు లైసెన్సులో మిగిలిన దాన్ని మింగేస్తుంది. లినక్స్ ల్యాప్‌టాప్ విండోస్ దానికంటే చవగ్గా ఉండాలని ఆశించేవాళ్లు నిరాశపడేది ఇక్కడే.

మెషీన్ అమ్మేవాళ్లు

ఈ లెక్కను తలకిందులు చేసింది ధర గురించి పట్టించుకోని కొనుగోలుదారు, అంటే ప్రోగ్రామర్. డెల్ 2012లో 40,000 డాలర్ల చిన్న అంతర్గత నిధితో ప్రాజెక్ట్ స్పుత్నిక్ మొదలుపెట్టి, అదే ఏడాది నవంబర్‌లో ఎక్స్‌పీఎస్ 13 డెవలపర్ ఎడిషన్‌ని ఉబుంటుతో తెచ్చింది. ఈ కొనుగోలుదారులు ఖరీదైన మోడల్ కొంటారు, చిన్న సమస్య వస్తే ఫోన్ చేయరు, వాళ్లే సరిచేసుకుంటారు. 2020లో లెనోవో థింక్‌ప్యాడ్‌లలో ఫెడోరా ఇవ్వడం మొదలుపెట్టింది. అమెరికాలోని డెన్వర్‌లో సిస్టమ్76, జర్మనీలో టక్సీడో లినక్స్ మెషీన్లే అమ్మి బతుకుతున్నాయి. సిస్టమ్76 ఇచ్చే పాప్ ఓఎస్ ఉచితం. దానికయ్యే ఖర్చు మెషీన్ మార్జిన్ నుంచి వస్తుంది. ఓఎస్ బాగుంటే మెషీన్ అమ్ముడవుతుంది కాబట్టి ఆ ఖర్చు వాళ్లకు భారం అనిపించదు.

మెషీన్ అమ్మేవాళ్లు ఉంటేనే తీరే చిక్కులు కొన్ని ఉన్నాయి. ల్యాప్‌టాప్ నిద్ర సంగతి తీసుకోండి. పాత ఎస్3 పద్ధతిలో ర్యామ్‌కు తప్ప అన్నిటికీ కరెంటు ఆగిపోయేది. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎస్3 తీసేసి ఫోన్‌లాంటి తేలికపాటి నిద్ర పెట్టారు. దీంట్లో ప్రతి భాగం దానంతటది తగ్గిపోవాలి. ఒక్క డ్రైవర్ సహకరించకపోయినా బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్ వేడెక్కి, సాయంత్రానికి బ్యాటరీ ఖాళీ. పదకొండో తరం ఇంటెల్ నుంచి కొన్ని ల్యాప్‌టాప్‌లలో వచ్చిన, ఐపీయూ6 అనే హార్డ్‌వేర్ మీద నడిచే కెమెరాలు లినక్స్‌లో చాలాకాలం సతాయించాయి. ఇవన్నీ ఎవరో జీతానికి కూర్చుని ఆ ఒక్క మోడల్‌ని ముందు పెట్టుకుని సరిచేయాల్సిన పనులు. వాలంటీర్‌కు ఆ మోడల్ చేతికే రాదు. మెషీన్ మొదలవగానే నడిచే బయోస్‌లాంటి ఫర్మ్‌వేర్‌ని లినక్స్ నుంచే అప్‌డేట్ చేసుకునేలా రిచర్డ్ హ్యూస్ మొదలుపెట్టిన ఎల్‌వీఎఫ్ఎస్ సేవలో డెల్, లెనోవో చేరాక బయోస్ అప్‌డేట్ కోసం విండోస్‌లోకి వెళ్లాల్సిన పని చాలా మోడళ్లకు తప్పింది.

మెషీన్ ఆన్ కాగానే నమ్మకమైన సంతకం ఉన్న ప్రోగ్రాంనే నడవనిచ్చే సెక్యూర్ బూట్ సంగతి కూడా చెప్పాలి. లినక్స్ బూట్ అయ్యే ముందు నడిచే షిమ్ అనే చిన్న ప్రోగ్రాం మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది, ఎందుకంటే పీసీలన్నిటిలో ముందే ఉండే తాళంచెవి వాళ్లదే. 2011 నాటి ఆ సర్టిఫికెట్ గడువు 2026 జూన్ వరకే. కొత్త షిమ్‌ల మీద 2023 సర్టిఫికెట్‌తో సంతకం పడుతుంది. ఫర్మ్‌వేర్‌లో ఆ కొత్త తాళంచెవి చేరని పాత మెషీన్‌లో కొత్త ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ బూట్ కాకపోవచ్చు. అప్పుడు బయోస్ అప్‌డేట్ చేయడమో, సెక్యూర్ బూట్ ఆపడమో దారి. ఇప్పటికే ఎక్కి నడుస్తున్నవి గడువు దాటిందని ఆగిపోవు. సెక్యూర్ బూట్ ఆపకపోతే, పోటీదారు సంతకం లేకుండా పోటీ సరుకు మొదలుకాని మార్కెట్ ఇది అని గుర్తుంచుకుంటే చాలు.

గూగుల్, వాల్వ్

లినక్స్ కెర్నల్ (ఓఎస్ గుండెకాయ లాంటి భాగం) మీద కట్టిన పీసీలలో దుకాణాల్లో ఎక్కువ అమ్ముడైంది, గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో వచ్చే క్రోమ్‌బుక్. 2011లో సామ్‌సంగ్, ఏసర్‌లతో మొదలైంది. గూగుల్ ఓఎస్‌కి డబ్బు తీసుకోదు. బడి యాజమాన్యం వెయ్యి మెషీన్లను ఒక తెర ముందు కూర్చుని నడపాలంటే ఒక్కో మెషీన్‌కు 38 డాలర్లు ఒకసారి కట్టాలి. డబ్బు వచ్చేది నిర్వహణ మీద, జీమెయిల్, డాక్స్‌కు అలవాటుపడే పిల్లల వల్ల. మొదట్లో క్రోమ్‌బుక్‌లకు అప్‌డేట్ల గడువు తొందరగా ముగిసేది, బడులు నిక్షేపంలాంటి మెషీన్లు పక్కన పడేయాల్సి వచ్చేది. విమర్శలు పెరిగాక 2023లో పదేళ్లకు పెంచారు. ‘అది అసలు లినక్సే కాదు’ అని పట్టుబట్టేవాళ్లున్నారు. క్రోమియం ఓఎస్ కోడ్ తెరిచే ఉంది, అమ్ముడయ్యే క్రోమ్ ఓఎస్‌లో మాత్రం గూగుల్ సొంత భాగాలు కలుస్తాయి. వ్యాపార లెక్కకు ఆ తేడా అడ్డు రాదు.

వాల్వ్ కథ ఇంతకంటే ఆసక్తికరం. 2012లో విండోస్ 8తో పాటు మైక్రోసాఫ్ట్ సొంత యాప్ స్టోర్ తెచ్చింది. స్టీమ్ అనే తన ఆన్‌లైన్ దుకాణంలో అమ్ముడయ్యే ప్రతి కంప్యూటర్ ఆటలో 30 శాతం దాకా తీసుకునే వాల్వ్‌కు అది ప్రాణం మీదికొచ్చే ప్రమాదంలా కనబడింది. తన దుకాణం ఇంకొకరి స్థలంలో ఉందన్న భయంతో స్టీమ్ ఓఎస్ మొదలుపెట్టింది. 2015లో వచ్చిన స్టీమ్ మెషీన్లు ఘోరంగా దెబ్బతిన్నాయి, ఎందుకంటే లినక్స్‌లో నడిచే ఆటలే తక్కువ. ఆట తయారీదారులను లినక్స్‌కు రమ్మని బతిమాలడం మానేసి, విండోస్ ఆటలను ఉన్నవున్నట్టు లినక్స్‌లో నడిపే ప్రోటాన్‌ని 2018 ఆగస్టులో తెచ్చింది. అది, విండోస్ ప్రోగ్రాంలను లినక్స్‌లో నడిపే వైన్ అనే పాత ప్రాజెక్టు మీద కట్టినదే. 2022 ఫిబ్రవరిలో 399 డాలర్ల నుంచి స్టీమ్ డెక్ వచ్చింది. స్టీమ్ సర్వేలో లినక్స్ వాటా 2025 అక్టోబర్‌లో 3 శాతం దాటింది.

దీనివల్ల మామూలు డెస్క్‌టాప్‌కు జరిగిన మేలు పెద్దది. ఏఎండీ గ్రాఫిక్స్ డ్రైవర్లకు, వైన్‌కు, కేడీఈ అనే లినక్స్ డెస్క్‌టాప్‌కి పనిచేసే నిపుణులకు వాల్వ్ డబ్బిస్తోంది. ఆ కోడ్ అందరికీ అందుతోంది. అడ్డంకి ఒకటి మిగిలింది. వాలరెంట్‌లాంటి ఆటలలో మోసాలను పట్టుకునే ప్రోగ్రాం విండోస్ కెర్నల్ లోపల కూర్చుంటుంది. లినక్స్‌లో కెర్నల్‌ని వాడేవాళ్లే మార్చుకోగలరు కాబట్టి ఆ కంపెనీలు దాన్ని నమ్మవు. సాంకేతికంగా దీనికి తేలికైన పరిష్కారం లేదు.

ప్రభుత్వాలు కట్టే డబ్బు

మ్యూనిక్ నగరం 2003లో లినక్స్‌కు మారాలని తీర్మానించింది. ఒప్పించి ఆపడానికి అప్పటి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ స్వయంగా మేయర్‌ని కలిశాడు. 2013 నాటికి దాదాపు 15,000 మెషీన్లు మారాయి. 2017లో కౌన్సిల్ తిరిగి విండోస్‌కు వెళ్లాలని ఓటేసింది. 2020లో కొత్త కూటమి మళ్లీ ఓపెన్ సోర్స్‌కే మొగ్గు అంది. ఇంత ఊగిసలాటలో ఏ కాంట్రాక్టరూ పదేళ్ల పెట్టుబడి పెట్టలేడు.

ఫ్రాన్స్ జాందార్మరీ (సైనిక పోలీసు దళం) ఇదే పనిని చప్పుడు లేకుండా చేసుకుపోయింది. 2005లో ముందు ఆఫీస్ సాఫ్ట్‌వేర్ మార్చారు. తర్వాత ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, థండర్‌బర్డ్ మెయిల్. సిబ్బంది విండోస్ మీదే వీటికి అలవాటుపడ్డాక, 2008 నుంచి కింద ఉన్న ఓఎస్‌ని ఉబుంటుకు మార్చారు. ఇప్పుడు దాదాపు లక్ష మెషీన్లు. తెర మీద రోజూ వాడే ప్రోగ్రాంలు అవే కాబట్టి ఓఎస్ మారినప్పుడు గొడవ తక్కువైంది. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం ఇప్పుడు 30,000 మెషీన్లకు ఇదే వరస పాటిస్తోంది: ముందు ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్, తర్వాత మెయిల్, ఆఖర్న లినక్స్.

మన దేశంలో కేరళ బడులు గట్టి ఉదాహరణ. అక్కడి ప్రభుత్వ కైట్ సంస్థ ఉబుంటు మీద కట్టిన ఓఎస్‌ని బడుల్లో లక్షల మెషీన్లలో నడుపుతోంది, దీనివల్ల 3,000 కోట్ల రూపాయలు మిగిలాయని చెబుతోంది. ఆ అంకెలో ప్రతి మెషీన్‌కూ పూర్తి లైసెన్సు ధర వేసుకున్న లెక్క ఉంటుంది, దాన్ని కొంచెం చూసి తీసుకోవాలి. ఓఎస్ కంటే ముఖ్యమైనది దాని చుట్టూ కట్టినది: ఐటీ పాఠ్యపుస్తకాలు అదే ఓఎస్ మీద రాశారు, టీచర్లకు శిక్షణ ఇచ్చారు, పదో తరగతి ఐటీ ప్రాక్టికల్ దాని మీదే. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్‌కు ఇలాంటి పరిసరం ఏర్పడలేదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు డెబియన్ లినక్స్ మీద తెలుగులో ఓఎస్ తెచ్చిన కృషి గొప్పదే, దానికీ ఇదే కొరత.

ప్రభుత్వాలు, పెద్ద కంపెనీలు ఈ మధ్య డబ్బు తీయడానికి ఇంకో కారణం దొరికింది. 2025 జులైలో ఐరోపా ఆంక్షల తర్వాత, రష్యా కంపెనీ వాటా ఉన్న మన చమురు కంపెనీ నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ ఈమెయిల్, టీమ్స్ సేవలు ఆగిపోయాయి. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, కొద్ది రోజుల్లో సేవలు తిరిగొచ్చాయి. అది ఓఎస్ గొడవ కాదు. అయినా వేరే దేశం నిర్ణయంతో మన ఆఫీసు ఆగిపోవచ్చన్న భయం లైసెన్సు ఖర్చు కంటే గట్టిగా పనిచేస్తుంది.

మన ఊళ్లో పోటీ దేనితో

ఆంధ్ర, తెలంగాణల్లో లినక్స్‌కు అసలు పోటీ విండోస్ ధరతో లేదు. దొంగ విండోస్‌తో ఉంది, దాని ధరా సున్నాయే. విండోస్ లేకుండా, ‘డాస్’ అనో ‘ఉబుంటు’ అనో రాసి నాలుగైదు వేలు తక్కువకు అమ్మే ల్యాప్‌టాప్ కొని, షాపులోనే విండోస్ వేయించుకుని ఇంటికి తీసుకెళ్లడం మామూలు. అసెంబుల్డ్ పీసీకి విండోస్, ఆఫీస్, ఫోటోషాప్ ఉచితంగా వస్తాయి. కాబట్టి ‘ఉచితం’ అన్న మాటకు ఇక్కడ విలువ లేదు. సాఫ్ట్‌వేర్ ఆడిట్ భయం ఉన్న కంపెనీకి, వైరస్‌తో ఒకసారి డేటా పోగొట్టుకున్న ఆఫీసుకు, పాత మెషీన్లు కుప్పగా ఉన్న కాలేజీకి మాత్రమే ఆ మాట అర్థమవుతుంది. సర్వీసు వ్యాపారం చేయాలనుకునేవాళ్లు వెతకాల్సింది వీళ్లనే.

డీటీపీ సెంటర్‌ని మాత్రం మొదటే వదిలేయాలి. అక్కడ అను ఫాంట్లు, పేజ్‌మేకర్ రాజ్యం. అను అక్షరాలు అన్ని మెషీన్లలో ఒకేలా చదవగల యూనికోడ్ కావు, లాటిన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన పద్ధతి. కీబోర్డు నడిపే ప్రోగ్రాం విండోస్‌దే. ఇరవై ఏళ్ల పెళ్లి కార్డులు, కరపత్రాలు, పుస్తకాలు ఆ ఫైళ్లలో ఉన్నాయి. యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు ఉన్నా ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి, మళ్లీ ప్రూఫ్ చూడాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, పేజీలు కూర్చే ఉచిత ప్రోగ్రాం స్క్రైబస్ 1.6 తెలుగు ఒత్తులను సరిగ్గా కూర్చగలదు. సిలికానాంధ్ర విడుదల చేసిన పొన్నాల, మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితం. టైపింగ్‌కు లినక్స్ కీబోర్డు ప్రోగ్రాం ఐబస్‌లో ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, ఆర్‌టీఎస్ లేఅవుట్లు ఉన్నాయి.

ఇరవై మెషీన్ల ఆఫీసు ఒకటి మారాలనుకుంటే పని ఇలా సాగుతుంది. రెండు వారాలు ఎవరు ఏ ప్రోగ్రాం తెరుస్తున్నారో రాసుకోవాలి. బ్రౌజర్, మెయిల్, పీడీఎఫ్, మామూలు వర్డ్, ఎక్సెల్ పనితో సరిపోయే సీట్లు సగానికి పైగా తేలితేనే ముందుకు వెళ్లాలి. ఎక్సెల్ మాక్రోలు వాడే అకౌంటెంట్‌ని కదపకూడదు. టాలీప్రైమ్ విండోస్ ప్రోగ్రామే. వైన్‌లో ఎక్కించి నెట్టుకొస్తామంటే లైసెన్సు యాక్టివేషన్ దగ్గరో, అప్‌డేట్ దగ్గరో ఇరుక్కుంటారు, అదీ జీఎస్టీ రిటర్న్ చివరి రోజున. టాలీకి విండోస్ మెషీన్లు రెండు మూడు ఉంచేయడమే చవక. రిమోట్ డెస్క్‌టాప్‌తో వేరే సీట్ల నుంచి వాడుకోవచ్చుగానీ, మామూలు విండోస్ ప్రో ఒకసారి ఒక్కరినే లోపలికి రానిస్తుంది. ఎక్కువమందికి విండోస్ సర్వర్, దాని పైన మనిషికో లైసెన్సు కావాలి. మిగిలిందనుకున్న డబ్బు అక్కడికి పోతుంది.

మెషీన్లలో హార్డ్ డిస్క్ ఉంటే ఎస్ఎస్‌డీ వేయాలి. 4 జీబీ ర్యామ్‌తో మింట్ అనే లినక్స్‌లో తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ రకం నడుస్తుంది, క్రోమ్‌లో పది ట్యాబులు తెరిచే సీటుకు 8 జీబీ కావాలి. ఎక్కించే ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి వైఫై, శబ్దం, కెమెరా, ప్రొజెక్టర్ చూడాలి. ల్యాప్‌టాప్ అయితే మూత పదిసార్లు వేసి తీయాలి. ఏడోసారి తెర రాకపోతే అది అమ్మకం తర్వాత మీ నెత్తిన పడే ఫోన్ కాల్. డ్యూయల్ బూట్ (ఒకే మెషీన్‌లో రెండు ఓఎస్‌లు) పెడుతుంటే, డిస్క్‌కు విండోస్ వేసే తాళమైన బిట్‌లాకర్ రికవరీ కీ ముందే రాసి పెట్టుకోవాలి. విండోస్ ఫాస్ట్ స్టార్టప్ ఆపాలి, లేకపోతే విండోస్ ఉన్న పార్టిషన్‌లో లినక్స్ నుంచి రాయడం కుదరదు. ఇంకో చిన్న చిక్కు: విండోస్ మెషీన్ గడియారంలో స్థానిక సమయం పెడుతుంది, లినక్స్ గ్రీనిచ్ సమయం పెడుతుంది. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లినప్పుడు గడియారం ఐదున్నర గంటలు అటో ఇటో పోతుంది. లినక్స్‌ని స్థానిక సమయానికి మార్చేస్తే తీరుతుంది.

ఫైళ్లలో కాలిబ్రి బదులు కార్లిటో, కాంబ్రియా బదులు కాలడియా ఫాంట్లు ఎక్కించాలి. అక్షరాల వెడల్పు అదే కాబట్టి పేజీలు చెదరవు. తెలుగు ఉత్తరాలు గౌతమి, నిర్మల ఫాంట్లలో ఉంటే ఆ సౌకర్యం లేదు, నోటో సాన్స్ తెలుగులో తెరిస్తే వరసలు కదులుతాయి. ముఖ్యమైన నమూనాలను ఒకసారి కూర్చుని సర్దుకోవాలి.

డబ్బు ఏఎంసీలో (ఏటా కట్టే నిర్వహణ ఒప్పందంలో) వస్తుంది. ఇన్‌స్టలేషన్‌కు ఒకసారి తీసుకుని వదిలేస్తే పైన చూసిన సపోర్టు లెక్కే మీకూ వర్తిస్తుంది. సీటుకు ఏడాదికి ఇంత అని పెట్టుకుని, అన్ని సీట్లకూ ఒకే ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి అప్‌డేట్లు వచ్చే) వెర్షన్, ఒకే సెట్టింగులు, అప్‌డేట్లు మీ చేతిలో ఉండేలా చూసుకోవాలి. కొత్త ఉబుంటు ఎల్‌టీఎస్ వచ్చిన ఏప్రిల్‌లో మారకుండా, ఆగస్టు ప్రాంతంలో వచ్చే మొదటి సవరణ దాకా ఆగాలి. ప్రింటర్ల జాబితాను ఒప్పందంలో విడిగా రాయాలి. మన ఆఫీసుల్లో ఎక్కడ చూసినా కనబడే కానన్ ఎల్‌బీపీ 2900 కాప్ట్ అనే సొంత పద్ధతిలో మాట్లాడుతుంది. కంపెనీ ఇచ్చిన లినక్స్ డ్రైవర్ పాతది, కొత్త వెర్షన్లలో మొండికేస్తుంది. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కి ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ ఎక్కాలి. అది హెచ్‌పీ ప్లగిన్‌లో ఉంటుంది, హెచ్‌పీ లినక్స్ డ్రైవర్ హెచ్‌ప్లిప్ వెర్షన్ మారితే ప్లగిన్ మళ్లీ దించాలి. చేయకపోతే పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది, కాగితం కదలదు. ఈ రెండు మోడళ్లకూ బాధ్యత తీసుకోకుండా, లినక్స్‌కు బాగా తెలిసిన పోస్ట్‌స్క్రిప్ట్‌గానీ ఎయిర్‌ప్రింట్‌గానీ ఉన్న నెట్‌వర్క్ ప్రింటర్ ఒకటి కొనిపించి దాని ధరను కొటేషన్‌లోనే కలిపితే ఏఎంసీలో వచ్చే ఫోన్లు బాగా తగ్గుతాయి.